హనుమకొండ వాకిట్లో క్లెమాటిస్ పూయాలంటే

ప్రశ్న: నమస్తే. మాది హనుమకొండ. మా బిడ్డ, అల్లుడు ఇంగ్లండుల ఉంటరు. పోయిన ఏడు నేను వాళ్ల దగ్గరికి పోయినప్పుడు బాల్కనీల ఒక కుండీల క్లెమాటిస్ అనే తీగ చూసిన. మూడడుగులు కూడా లేదు, కింది నుంచి మీది దాక ఊదారంగు పూలు, ఒక్కొక్కటి అరచెయ్యంత. నా మనసంత దాని మీదనే ఉన్నది. ఇంటికొచ్చినంక ఆన్‌లైన్‌ల విత్తనాల పొట్లం తెప్పించి మిద్దె మీద కుండీలల్ల పెట్టిన. ఒక్కటి మొలవలే. నీళ్లు ఎక్కువైనయా, ఎండ ఎక్కువైందా తెలుస్తలేదు. మాది తూర్పు వాకిలి, వాకిట్ల జామచెట్టు ఉన్నది. మా బిడ్డ సంక్రాంతికి వస్తనన్నది. వచ్చేటప్పుడు ఆ తీగ ముక్క ఒకటి తెమ్మనాల్నా? ఆమె వచ్చేసరికి వాకిట్ల గసొంటి పూలు చూపియ్యగల్గుతనా?

జవాబు: అక్కా, విత్తనాలు మొలవకపోవడంలో మీ నీళ్ల తప్పు లేదు, మీ ఎండ తప్పూ లేదు. పెద్ద పూల క్లెమాటిస్‌ను ఇళ్లలో సాధారణంగా ఎవరూ విత్తనాలతో పెంచరు. ఈ విత్తనాలు మొలవడానికి కొన్ని నెలలు, ఒక్కోసారి రెండు మూడేళ్లు పడుతుంది. మధ్యలో వాటికి చలి తగలాలి. ఇంత చేసి మొలిచినా తల్లి మొక్క పూసిన పువ్వు పిల్ల మొక్క పూయదు, అది సంకరజాతి కాబట్టి. అందుకే నర్సరీల వాళ్లు కాండం ముక్కలు నాటి మొక్కలు చేస్తారు. ఆన్‌లైన్‌లో వంద రూపాయలకు యాభై విత్తనాలు, రంగురంగుల బొమ్మతో అమ్మే పొట్లాల్లో ఏం విత్తనాలున్నాయో మొలిస్తే తప్ప తెలియదు. కొన్నిచోట్ల క్లెమాటిస్ దుంపలని కూడా అమ్ముతున్నారు. క్లెమాటిస్‌కు దుంప ఉండదు, పురికొసల్లాంటి లావు వేర్లుంటాయి. ఆ రెండింటి మీదా ఇంక పైసా పెట్టకండి.

మీరు చూసింది పొట్టి రకం. క్లెమాటిస్‌లో దాదాపు మూడు వందల జాతులున్నాయి. కొన్ని మిద్దె దాటి చెట్టెక్కుతాయి. తోటల్లో పెంచే పెద్ద పూల రకాలకు పేరు తెచ్చింది జాక్‌మనీ అనే ఊదారంగు సంకరం. అది ఇంగ్లండులోని వోకింగ్‌లో జాక్‌మన్ కుటుంబపు నర్సరీలో 1862లో మొదటిసారి పూసింది. అది పదడుగులు పాకుతుంది, కుండీకి కుదరదు. బాల్కనీలు పెరిగాక, ఇళ్లు చిన్నవయ్యాక, కింది కణుపు నుంచి పై కణుపు దాకా పూసే మూడు నాలుగడుగుల రకాల కోసం పనిగట్టుకుని ప్రయత్నించారు. ఆ పని ఎక్కువగా చేసింది ఇంగ్లిష్ చానెల్‌లోని గర్న్‌సీ దీవిలో నర్సరీ పెట్టిన రేమండ్ ఎవిసన్. ఎస్టోనియా నుంచి వచ్చిన పీలు అనే గులాబీ ఊదా రకం కూడా ఈ పొట్టివాటిలో బాగా పేరున్నదే.

ఈ కుటుంబం మనకు మరీ పరాయిది అనుకోకండి. సిమ్లా వైపు కొండల్లో క్లెమాటిస్ మోంటానా వేసవి మొదట్లో తెల్లగా విరగబూస్తుంది. క్లెమాటిస్ గౌరియానా పడమటి కనుమల్లోనూ తూర్పు కనుమల్లోనూ పొదల మీద పాకుతుంది. చిన్న చిన్న తెల్ల పూల గుత్తులు, తర్వాత దూది తోకల్లాంటి గింజలు. కానీ ఆ అడవి తీగ వేరు, మీరు చూసిన అరచెయ్యంత పువ్వు వేరు. ఆ పువ్వు వెనకున్న జాతులు చాలావరకు చైనా, జపాన్, దక్షిణ ఐరోపాలవి. చలికి ఆకు రాల్చి పడుకుని, వసంతంలో లేచే అలవాటు వాటి ఒంట్లోనే ఉంది.

ఇప్పుడు వరంగల్ సంగతి. క్లెమాటిస్ గురించి అడిగితే చాలామంది "మన ఎండకు మాడిపోద్ది" అని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. ఎండకు నీడ కట్టొచ్చు, అది పెద్ద కష్టం కాదు. నా మటుకు నాకు ఈ మొక్కకు మన ఊళ్లో అసలు చేటు మన రాత్రులే అనిపిస్తుంది.

మొక్క పగలు వెలుతురులో చక్కెర తయారు చేసుకుంటుంది. రాత్రి శ్వాస తీసుకుంటూ అందులో కొంత ఖర్చు చేస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. ఇంగ్లండులో నడి వేసవిలో పగలే ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలు. రాత్రి పన్నెండు, పదిహేనుకు దిగుతుంది. మనకు మే నెలలో పగలు 42 నుంచి 45 దాకా పోతే, రాత్రి 28 కిందికి రావడమే గగనం. పగలంతా కాలిన మిద్దె అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. మన మల్లె, మన బోగన్‌విల్లా ఆ వేడికి పుట్టినవి, తట్టుకుంటాయి. క్లెమాటిస్ మాత్రం పగలు సంపాదించింది రాత్రికి రాత్రే ఖర్చు పెట్టేసుకుని, కొత్త చిగురు వేయడానికి ఏమీ మిగలక, ఆకు అంచులు ఎండి, చిన్నబోతూ పోతుంది. మనం నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకో చెంబు పోస్తాం. వేడి మట్టిలో నిలిచిన నీళ్లకు వేర్లు కుళ్లుతాయి. ఇలా పోయే మొక్కలే ఎక్కువ.

రెండో చేటు వేరు దగ్గర వేడి. ఈ తీగకు తల వెలుతురులో, కాళ్లు చల్లగా ఉండాలి. క్లెమాటిస్ పెంచే వాళ్లు ఎక్కడైనా మొదట చెప్పే మాట ఇదే. మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కుండీని ఏప్రిల్ మధ్యాహ్నం తాకి చూడండి, చెయ్యి పెట్టలేరు. ఆ గోడను ఆనుకునే మెత్తని వేర్లుంటాయి.

మూడోది చలి చాలకపోవడం. మనకు డిసెంబరు, జనవరి రాత్రులు 12 నుంచి 17 డిగ్రీల మధ్య ఉంటాయి. అది ఆ మొక్క ఆకు రాల్చి నిద్రపోయేంత చలి కాదు. కానీ, ఇక్కడే మీకొక దారి ఉంది, అది హాయిగా పెరిగేంత చల్లదనం మాత్రం అవుతుంది. మన చలికాలం దానికి ఇంగ్లండు వేసవి లాంటిది.

అందుకని పుస్తకాల్లోని నెలలన్నీ తిరగేయాలి. వాళ్లు ఫిబ్రవరిలో కత్తిరించి, మార్చిలో నాటి, జూన్‌లో పూలు చూస్తారు. మీరు బతుకమ్మ పండుగ రోజుల్లో కత్తిరింపు, దసరా దాటి వానలు వెనకబట్టాక నాటడం, కార్తీకం నుంచి పుష్యం దాకా పెంపకం పెట్టుకోవాలి. పూలు వస్తే మాఘ, ఫాల్గుణాల్లో రావాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ తర్వాత కొత్త మొగ్గ మీద ఆశ పెట్టుకోవద్దు. ఉగాది నుంచి మృగశిర దాకా దాన్ని పూయించే ప్రయత్నమే చేయకూడదు, బతికించుకుంటే చాలు.

రకం ఎంచుకోవడంలో ఒక్కటే చూడండి: కొత్తగా వచ్చిన కొమ్మ మీద పూసేదై ఉండాలి. క్లెమాటిస్‌లను కత్తిరింపును బట్టి మూడు తరగతులు చేస్తారు. మొదటి తరగతివి పాత కొమ్మ మీదే పూస్తాయి. రెండోవి మొదటి విడత పాత కొమ్మ మీద, మలి విడత కొత్త కొమ్మ మీద పూస్తాయి, పీలు ఇందులోదే. మూడో తరగతివి పూర్తిగా కొత్త కొమ్మ మీద పూస్తాయి. మన ఎండకాలంలో పై కొమ్మలు ఎండిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, మొదలు నుంచి లేచిన కొమ్మకే పూసే మూడో తరగతి మనకు నయం. అందులోనూ అరాబెల్లా అనే నీలి ఊదా రకం కుండీకి బాగుంటుంది. అయిదడుగుల దాకా పెరుగుతుంది, తనంతట తాను పట్టుకుని పాకదు, కడితే నిలబడుతుంది, వదిలితే కుండీ అంచు మీంచి వేలాడుతుంది. విటిసెల్లా జాతి నుంచి వచ్చినవి కూడా చూడొచ్చు, వాటి పుట్టిల్లు దక్షిణ ఐరోపా, అక్కడి వేసవి ఎండలు వాటికి తెలుసు. కాకపోతే అవి ఎక్కువ పొడవు పెరుగుతాయి.

కొనేటప్పుడు కడియం సరుకులో వెతికే కన్నా కలింపాంగ్, ఊటీ లాంటి చల్లటి ఊళ్ల నర్సరీలను అడగండి. రకం పేరు చీటీ మీద రాసి ఉండాలి. కింది నుంచి కనీసం రెండు కాండాలు లేచి ఉండాలి. ఒక్క పుల్లకు రెండాకులున్న మొక్క ప్రయాణంలోనే సగం చచ్చి వస్తుంది. అక్టోబరు చివర్లో గానీ నవంబరులో గానీ చేరేటట్టు తెప్పించుకోండి. ఎండకాలంలో తగ్గింపు ధరకు ఇస్తామన్నా వద్దు.

ఇక చోటు. మిద్దె మరిచిపోండి అక్కా. మీకు తూర్పు వాకిలి ఉంది, జామచెట్టు ఉంది, అంతకన్నా మంచి చోటు మీ ఇంట్లో లేదు. పొద్దున ఎండ పది, పదకొండు దాకా తగలాలి, ఆ తర్వాత ఇంటి నీడ గానీ చెట్టు నీడ గానీ పడాలి. జామ కొమ్మల కింది చిల్లుల నీడ ఈ మొక్కకు సరిపోతుంది. జామ మొదలుకు ఆనించకుండా, వేర్ల పోటీ లేకుండా, కుండీలోనే ఉంచి చెట్టుకు తూర్పు పక్కన పెట్టండి. ఏసీ బయటి పెట్టె ఊదే వేడిగాలి దగ్గర మాత్రం పెట్టొద్దు.

కుండీ మట్టిదే కావాలి. వెడల్పు, లోతు రెండూ అడుగున్నర ఉండాలి. మట్టి కుండీ గోడ తడిని బయటికి ఆవిరి చేస్తూ లోపలి మట్టిని చల్లబరుస్తుంది, మన రంజన్ల నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. ఇంకా గట్టిగా చేయాలంటే ఆ కుండీని పెద్ద గోలెంలో దింపి, రెండింటి మధ్య ఇసుక నింపి, ఎండకాలంలో ఆ ఇసుకను రెండు పూటలా తడపండి. రెండింటికీ అడుగున బెజ్జాలుండాలి. గోలెం కింద ఇటుక ముక్కలు పెట్టి నేలకు రెండంగుళాలు ఎత్తండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది గానీ వేరు చల్లగా ఉంచడానికి ఇంతకు మించిన ఉపాయం మన దగ్గర లేదు.

మట్టి కలపడానికి రెండు పాళ్లు జల్లెడ పట్టిన ఎర్ర చల్క మన్ను, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు దొడ్డు ఇసుక. గుప్పెడు వేప పిండి. రేగడి మట్టి కలపొద్దు, వానాకాలం నీళ్లు పట్టి ఉంచి వేరును కుళ్లబెడుతుంది. మన బోరు నీళ్లు సున్నపు నీళ్లని భయపడకండి, ఈ మొక్క కొద్దిపాటి సున్నానికి ఇబ్బంది పడదు. పొయ్యి బూడిద దొరికితే నెలకో గుప్పెడు మట్టిలో కలపొచ్చు, అందులో పొటాషూ ఉంటుంది.

నాటేటప్పుడు ఒక పని తప్పకుండా చేయాలి. వేరే మొక్కలను నర్సరీ కవరులో ఉన్న మట్టానికే నాటుతాం. దీన్ని అంతకన్నా రెండు మూడంగుళాలు లోతుగా నాటాలి, కాండం మీది రెండు కణుపులు మట్టిలోకి పోయేటట్టు. పైన కొమ్మలు ఎండినా, తెగులు తగిలినా ఆ పూడిన కణుపుల నుంచి కొత్త కాండాలు లేస్తాయి. ఇంగ్లండులో ఎండు తెగులు భయానికి చేసే పని ఇది. మనకు తెగులుతో పాటు రోహిణి కార్తె కూడా ఉంది కాబట్టి రెండింతలు అవసరం.

మట్టి మీద కప్పు వేయండి. అక్కడి తోటల్లో బండరాయి పెట్టి వేరుకు నీడ ఇస్తారు. మన దగ్గర షాబాద్ బండ ముక్క పెడితే అది పెనమవుతుంది. దాని బదులు రెండంగుళాల మందం వరిగడ్డి ముక్కలు గానీ పల్లికాయ పొట్టు గానీ పరవండి. కాండానికి ఆనకుండా చుట్టూ రెండు వేళ్ల ఖాళీ వదలండి.

నీళ్లు పొద్దున్నే పోయండి. వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, తడి తగిలితే ఆ రోజు వద్దు. చలికాలంలో రోజు విడిచి రోజు సరిపోతుంది, ఎండకాలంలో రెండు పూటలా కావాలి. మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి కాగి ఉంటాయి. పైపు తిప్పి అవే పోస్తే వేరు ఉడికిపోతుంది. ముందు రాత్రి బకెట్‌లో పట్టి పెట్టుకుని తెల్లారి పోయండి. ఈ ఒక్క జాగ్రత్త మీ మిగతా కుండీలకూ పనికొస్తుంది.

తీగకు ఆసరా సన్నగా ఉండాలి. సొరతీగలా దీనికి నులితీగలు రావు, మల్లెలా కాండం చుట్టుకోదు. ఆకు కాడే వంకర తిరిగి దొరికినదాన్ని పట్టుకుంటుంది. కాడ చిన్నది కాబట్టి లావు కట్టెను చుట్టలేదు. పెన్సిలంత లావు దాటకుండా నాలుగు వెదురు పుల్లలు కుండీలో గుచ్చి, పైన ముడేసి, జానెడుకొక వరస సుతిలి తాడు చుట్టండి. అరాబెల్లా అయితే మీరే వదులుగా కట్టాలి.

కొత్త చిగురు జానెడు రాగానే కొన తుంచేయండి. కణుపుల నుంచి పక్క కొమ్మలు వస్తాయి. అవి జానెడు రాగానే మళ్లీ తుంచండి. కింది నుంచి మీది దాకా పూలు కావాలంటే ఈ తుంచడమే కీలకం, తుంచకపోతే ఒక్క పుల్ల పైకి పోయి కొసన నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. మొదటి చలికాలం మొగ్గ వచ్చినా ఒకటి రెండు ఉంచి మిగతావి గిల్లేయండి. మనసొప్పదు, నాకు తెలుసు. కానీ ఆ ఏడు వేరు బలపడితేనే అది ఎండకాలం దాటుతుంది.

ఎరువు పెరిగే రోజుల్లోనే వేయాలి. నవంబరు, డిసెంబరుల్లో పదిహేను రోజులకోసారి లీటరు నీళ్లకు 2 గ్రాముల 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీళ్లలో కరిగేది), మొగ్గ కనబడే వేళకు అదే లెక్కన పొటాష్ ఎక్కువున్న 13:0:45. పూలు విచ్చాక ఆపేయండి. ఎండకాలంలో ఏ ఎరువూ వద్దు.

హోలీ దాటగానే కొమ్మలను మూడో వంతు తగ్గించి కుండీని జామచెట్టుకు బాగా లోపలికి జరపండి. పైన ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి, పడమటి పక్కన కూడా ఒక తెర దించండి, వడగాలి అటు నుంచే కొడుతుంది. ఆకులు ఎండితే మొక్క పోయిందనుకుని పీకేయకండి. మొదలు దగ్గర కాండాన్ని గోరుతో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. పచ్చ లేకపోయినా, మట్టిలో పూడిన కణుపులున్నాయి కాబట్టి మృగశిర వచ్చి నాలుగు వానలు పడేదాకా చూడండి. వానాకాలంలో కుండీలో నీళ్లు నిలవకుండా చూసుకోవడమే పని. మళ్లీ బతుకమ్మ రోజులకు నేల నుంచి అడుగెత్తుకు కత్తిరించి బాగా మాగిన పెంట ఎరువు పై మట్టిలో కలిపితే కొత్త ఏడు మొదలవుతుంది.

బాగున్న కొమ్మ ఉన్నట్టుండి వాలిపోయి నల్లబడితే అది ఎండు తెగులు. నీళ్లు పోసి లాభం లేదు, ఆ కొమ్మను మట్టి దాకా కోసి కాల్చేయండి, లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొక్క మొదలు దగ్గర పోయండి. ఫిబ్రవరి నుంచి ఆకుల అడుగున ఎర్రనల్లి పడుతుంది, ఆకు మీద దుమ్ము పట్టినట్టు తెల్ల చుక్కలు కనబడతాయి. రెండు రోజులకోసారి పొద్దున ఆకు అడుగు తడిసేటట్టు నీళ్లు కొట్టడమే మొదటి మందు. తగ్గకపోతే సాయంత్రం పూట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు. తెలియని తెగులైతే ఆకును కవరులో వేసుకుని మామ్నూరు కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లి చూపించండి. ఇంకొకటి, ఈ తీగ రసం ఒంటికి తగిలితే కొందరికి దురద, మంట వస్తాయి, తింటే నోరు పొక్కుతుంది. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, చిన్నపిల్లలను దగ్గరికి రానీయొద్దు.

ఇక మీ బిడ్డ తెచ్చే ముక్క సంగతి. వద్దనే చెప్తాను. బయటి దేశం నుంచి మొక్క గానీ, కొమ్మ గానీ, విత్తనం గానీ తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి పర్మిట్ తీసుకోవాలి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. సూట్‌కేసులో తడిగుడ్డ చుట్టి తెచ్చేది శంషాబాదులో పట్టుకుంటే తీసేసుకుంటారు. పట్టుకోకపోయినా తేకూడదు. ఆ ముక్కతో వచ్చే పురుగో, బూజో మన పంటల్లో పడితే దాన్ని వెనక్కి పంపే దారి ఉండదు. వరంగల్ చుట్టూ మిర్చి, పత్తి మీద బతికే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా?

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఇంకొకటి అనిపించింది. మీకు కావలసింది క్లెమాటిస్ అనే పేరా, వాకిట్లో కుండీ నిండా ఊదారంగా? రెండోదైతే క్లెమాటిస్ కన్నా ముందు పెట్రియా పెట్టండి. నర్సరీల్లో పర్పుల్ రీత్ అంటారు. మెక్సికో, మధ్య అమెరికా వైపుది, వేడికి పుట్టింది, మన ఎండను లెక్కచేయదు. ఆకు గరుకు కాగితంలా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొమ్మకూ ఊదా గెలలు వేలాడతాయి. క్లెమాటిస్‌లో మనం రేకులనుకునేవి నిజానికి రక్షక పత్రాలు, అంటే మామూలుగా మొగ్గను బయట కప్పి ఉంచే పొర. పెట్రియాలోనూ లోపలి ముదురు ఊదా పువ్వు రెండు మూడు రోజుల్లో రాలిపోయినా, అయిదు రెక్కల నక్షత్రంలాంటి లేత ఊదా రక్షక పత్రాలు రోజుల తరబడి నిలుస్తాయి, అందుకే దూరం నుంచి చూస్తే చెట్టంతా పూసినట్టే ఉంటుంది. పెద్ద తీగే, కానీ పూత అయిపోగానే కత్తిరిస్తూ ఉంటే అడుగున్నర కుండీలో నాలుగడుగుల పొదలా ఆగుతుంది. దీనికి మాత్రం మిద్దె మీది ఎండ కావాలి. మొదటి ఏడాది రెండేళ్లు నెమ్మదిగా పెరుగుతుంది, ఓపిక పట్టండి. నర్సరీలో ఊదా తీగ అడిగితే థన్‌బెర్జియా కూడా చూపిస్తారు. పూలు అందమైనవే, కానీ అది రెండేళ్లలో గోడంతా మింగేస్తుంది, మీ వాకిటికి వద్దు.

నన్నడిగితే ఈ ఏడు పెట్రియా ఒకటి కొనండి, చోటూ కుండీ సిద్ధం చేసుకుని దసరా దాటాక క్లెమాటిస్ ఒకే ఒక్కటి తెప్పించండి. రెండు మూడు తెప్పించి అన్నిటికీ సగం సగం శ్రద్ధ పెట్టే మొక్క కాదిది.

సంక్రాంతికి మీ బిడ్డకు ఈ రెండింట్లో ఏదీ పూసి చూపించలేరు. క్లెమాటిస్ అప్పటికి తుంచిన చిగుళ్లతో ఉంటుంది, పెట్రియాకు ఇంకా వేళ కాదు. అప్పటికి నీలం కావాలంటే ముద్ద శంఖుపూలు ఈ వానల్లోనే పెట్టండి. ఆరేడు వారాల్లో పూత మొదలై బతుకమ్మకు నిండుగా ఉంటుంది, చలి ముదిరితే పూలు తగ్గుతాయి గానీ ఆగవు. పుష్యం దాకా పూలు ఉండాలంటే కాయలు కట్టనీయకుండా వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచేయాలి. ఒక కుండీకి మూడు మొక్కలు చాలు, క్లెమాటిస్‌కు చెప్పిన వెదురు పుల్లల పందిరే దీనికీ సరిపోతుంది, నత్రజని ఎరువు వేయొద్దు, చిక్కుడు జాతి కాబట్టి తన నత్రజని తనే సమకూర్చుకుంటుంది. విత్తనం పెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టి, తెల్లారి ఉబ్బినవి నాటేయండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రెండుసార్లు రుద్ది మళ్లీ ఒక రాత్రి నానబెట్టండి.